మోటారుకు తడి గోనె కప్పిన ఎండాకాలం

ధర్మపురి చుట్టుపక్కల బోరు మోటార్ల స్టార్టరు పెట్టెలు బాగుచేస్తూ తిరిగే మనిషిని నేను. ఇన్నేళ్ళలో ఆ పెట్టెల నెత్తిమీద చూసినన్ని రకాల టోపీలు మనుషుల నెత్తిమీద కూడా చూడలేదు. పెన్నాగరం దారిలో ఒకాయన పగిలిన మట్టికుండ బోర్లించాడు. ఇంకొకావిడ పాత గొడుగు కట్టింది. ఆ గొడుగు గాలికి తిరగబడితే మోటారు ఆగిపోతుందని ఆవిడ గట్టి నమ్మకం. ఒకాయన పెట్టె చుట్టూ పేడ మందంగా అలికి, పైన మూడు విభూతి రేఖలు కూడా పెట్టాడు. బాగుచేయడానికి పోయి ముందు దండం పెట్టుకోవలసి వచ్చింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

ఇవన్నీ కళ్ళతో చూసినవి. చూడనివి కూడా చాలా చెబుతుంటాను. బొమ్మిడి దగ్గర ఒక స్టార్టరు పెట్టెలో కాపురమున్న బల్లి కరెంటు వచ్చే వేళ కనిపెట్టి, రైతు కంటే ముందే తోకతో పచ్చ బటన్ నొక్కి మోటారు వేసేదని ఊరూరా చెప్పాను. ఎవరూ నమ్మలేదు. ఒక్క ముసలాయన మాత్రం నన్ను పక్కకు పిలిచి, దాని పిల్లలేమైనా ఉన్నాయా అని అడిగాడు. హొగేనకల్ జలపాతం తుంపర్లను గొట్టంలో పట్టి ట్రాన్స్‌ఫార్మరుకు చలువ చేసిన కథ కూడా ఉంది. ఆ కథ చెప్పడానికి ఒక గ్లాసు టీ సరిపోదు.

ఎండలు ముదిరితే నా పని ముదురుతుంది. మోపెడ్ వెనక సామాను పెట్టె కట్టుకుని మొరప్పూర్ వైపు ఒకసారి, పెన్నాగరం వైపు ఒకసారి తిరిగేసరికి నడుములో ఏదో ఒక బోల్టు వదులవుతుంది. దాన్ని బిగించే పానా ఎక్కడా దొరకదు. ఈ మధ్య నా కోతలు కూడా పొట్టివైపోయాయి. మొదలుపెట్టినంత హుషారుగా ముగించలేకపోతున్నాను.

అలాంటి ఒక మధ్యాహ్నం, వేపచెట్టు కింద మోపెడ్ ఆపి కళ్ళు మూసుకున్నానో లేదో మా అక్క ఫోన్ చేసింది.

"ఏంరా, బల్లికి బటన్ నొక్కేది నేర్పించినావంట. నా మోటారుకు పడిపోకుండా నిలబడేది నేర్పించలేవా?"

మా అక్కావాళ్ళది మొరప్పూర్ దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. మా వాళ్ళంతా ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చాలామంది కూలిపనికో కట్టడం పనికో పోతారు. అక్క మాత్రం మల్బరీ తోట పట్టుకుని పట్టుపురుగులు మేపుతోంది. అప్పుడు ఆవిడ పురుగులు నాలుగో జ్వరం లేచి ఉన్నాయి. జ్వరమంటే జబ్బు కాదు. పురుగు మేత మాని, కదలకుండా పడుకుని, చర్మం విడిచే అవస్థ. నాలుగోది లేచాక అవి తినే తిండికి తోట తోటే చాలదు. ఆ తర్వాత గూడు కట్టడమే. ఇంతదాకా తెచ్చిన పంట ఈ దశలో ఎండదెబ్బ తింటే అంతా పోయినట్టే. అందుకే పురుగుల ఇంటి కిటికీలకు గోనెపట్టాలు వేలాడదీసి, మధ్యాహ్నమంతా తడుపుతూ ఉండాలి. ఆ నీళ్ళు రావలసింది బోరు మోటారు నుంచి. ఆ మోటారేమో సరిగ్గా ఎండ మండే వేళకు ఆగిపోతోంది. పురుగులకు చలువ చేసే మోటారుకే చలువ చేసేవాళ్ళు లేరు.

నేను పోయేసరికి బావ పొలంలోనే ఉన్నాడు. స్టార్టరు పెట్టె రాతి స్తంభానికి పడమటి ముఖంగా బిగించి ఉంది. పైగా నల్ల రంగు. తలుపు మీద చెయ్యి వేసి వెంటనే తీసేశాను.

"దోసె పొయ్యొచ్చు బావా దీని మీద."

"పోసుకో. తోడు చట్నీ కూడా తెమ్మంటావా? మోటారు మాత్రం ఇప్పుడు పడిపోలేదు చూడు. పొద్దున్నుంచి నిలబడే ఉండాది."

నిజమే, పైపులో నీళ్ళు దూకుతున్నాయి. తలుపు తీసి చూస్తే సంగతి తెలిసింది. రిలే మీట పక్కన ఒక వేపపుల్ల దోపి ఉంది. చివర నమిలి కుచ్చు చేసిన పుల్ల. బావ పొద్దున పళ్ళు తోముకున్నదే.

"ఇదేంది బావా?"

"పుల్ల."

"పుల్ల అని తెలుస్తాంది. ఈడ ఎందుకుండాది?"

"మీట కదలకుండా. నీ వైద్యం కంటే నా పుల్ల మేలు, ఆమా, నిజం."

ఆ మీట సంగతి చెప్పాలి. పెట్టెలో రెండు లోహాలు కలిపి అతికిన చిన్న రేకు ఉంటుంది. మోటారు మోతాదుకు మించి కరెంటు లాగితే రేకు వేడెక్కి వంగుతుంది, మీటను తన్ని మోటారును ఆపేస్తుంది. చల్లారాక మళ్ళీ నిటారుగా అవుతుంది. ఎవరు కనిపెట్టారోగాని బుద్ధిమంతులు. కాకపోతే ఆ బుద్ధిమంతులు ఎండలు మండే చిత్తిరై నెల మధ్యాహ్నం మా బావ పొలంలో నిలబడి ఉండరు. ఇక్కడ మోటారు ఏ పాపం చేయకపోయినా ఉత్త ఎండకే పెట్టె కాలి రేకు వంగిపోతుంది. అది తప్పుడు కూత అనుకుని జనం రేకు నోరు నొక్కేస్తారు. నిజంగా ప్రమాదం వచ్చిన రోజున అది కూయదు, బోరు అడుగున మోటారు చడీచప్పుడు లేకుండా మాడిపోతుంది.

"కాపలా కుక్క మొరుగుతాదని మూతి కట్టేసినావు బావా. దొంగ వస్తే ఎవురు చెప్తారు?"

"దొంగ వచ్చినప్పుడు చూస్తాం. ముందు నాకు నిద్ర పడితే చాలు." ఆయన కండువాతో మెడ తుడుచుకున్నాడు. "పోయిన పంట ఎండకే పోయింది. ఇదీ పోతే తోట వేళ్ళతో సహా పీకించి బెంగళూరులో సెంట్రింగు పనికి పోతా. మీ అక్కకు చెప్పేసినా."

ఆ మాట ఆయన కోపంగా చెప్పి ఉంటే ఏదో ఒక కోత కోసి నవ్వించేవాణ్ణి. నీరసంగా చెప్పాడు. అందుకే నోరు మూసుకుని పుల్ల పీకాను. తాటాకులు నాలుగు తెచ్చి పెట్టెకు పడమట నీడ కట్టాను. రేపు పైన కప్పే రేకు తెచ్చి సరిగ్గా చేస్తాను, అంతవరకు మధ్యాహ్నం కాసేపు మోటారుకు విశ్రాంతి ఇవ్వమని చెప్పాను. బావ తలూపాడు. ఆయన తల ఊపడం మా గ్రామదేవతకు వేటేసే మేక తల ఊపినట్టు. దాని అర్థం చూసేవాళ్ళ ఇష్టం.

పురుగుల ఇంటి గడప దగ్గర అక్క నిలబడి ఉంది. లోపలికి రావాలంటే గడప ముందున్న సున్నపు నీళ్ళలో కాళ్ళు ముంచాలి. అదొక్కటే కాదు. మా అక్క అత్తగారి కాలం నుంచి ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పురుగుల ముందు అబద్ధం ఆడకూడదు. ఆడితే పోగు తెగుతుందట. అందువల్ల పురుగులు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నాకు గడప బయటే మర్యాద.

"లోపలికి రావాలంటే చెప్పులతోపాటు నోరు కూడా బయట వదిలి రా," అంటుంది అక్క. "నీ ఒక్క బల్లి కథకు ఒక తట్ట పురుగులు చస్తాయి."

ఆ రోజూ బయటినుంచే మజ్జిగ తాగి వచ్చేశాను.

మర్నాడు రేకు, కాయిలు, పాత సామాను కొంత మోపెడ్‌కు కట్టుకుని బయలుదేరేసరికి పొద్దెక్కిపోయింది. దారిలో రెండు చోట్ల రైతులు ఆపారు. ఒక చోట చీమలు పెట్టెలో పుట్ట పెట్టాయి. కరెంటు వెచ్చదనం వాటికి ఎందుకంత ఇష్టమో తెలియదు. కాంటాక్టుల మధ్య నలిగి చస్తాయి, ఆ చచ్చిన వాసనకు ఇంకొన్ని వస్తాయి. దులిపి, నూనెగుడ్డతో తుడిచి, కదిలేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

పొలం గట్టెక్కుతూనే నా కాళ్ళు ఆగిపోయాయి. నా తాటాకులు కింద పడి ఉన్నాయి. స్టార్టరు పెట్టె కనబడలేదు. దాని చోట తడి గోనెపట్టా చుట్టిన మూట ఒకటి రాతి స్తంభాన్ని కౌగిలించుకుని ఉంది. పైన డ్రిప్పు గొట్టం ముక్క. దానినుంచి చుక్క, చుక్క, చుక్క. పక్కన మా బావ, కొత్త అల్లుడిని చూపిస్తున్న మామలా.

"చూస్తివా బామ్మర్దీ! నీ తాటాకు గాలికి పోయింది. ఇది పోదు. పుల్ల లేదు, ఏమీ లేదు. పొద్దున్నుంచి ఒక్క తూరి పడిపోలేదు."

"బావా, మెయిన్ ఆపు."

"ఎందుకాపాలి? పూచికి సాక్కు కప్పితే చలువైంది. మోటారుకు కాదా?" పూచి అంటే వాళ్ళ మాటలో పురుగు, సాక్కు అంటే గోనె.

"పూచిలో కరెంటు లేదు బావా. ఆపు ముందు."

ఆయన తప్పు ఏమిటో ఆ క్షణంలో వివరించే వ్యవధి లేదు. పురుగుల ఇంటికి గోనె కిటికీలో వేలాడుతుంది. గాలి తడి గోనె గుండా లోపలికి పోతూ చల్లబడుతుంది, నీరు కింద మట్టిలోకి పోతుంది. ఇక్కడ గోనె పెట్టెకు చర్మంలా అతుక్కుంది. గాలి పోయే సందులు మూసుకున్నాయి. నీరు కేబులు వెంట పాకి నేరుగా లోపలికి దారి చూసుకుంది. ఏళ్ళ తరబడి పురుగుల్ని కాపాడిన చెయ్యి అదే అలవాటుతో పెట్టెను కాపాడబోయింది. పురుగులు మేపని ఊళ్ళో ఎవరికీ ఈ ఆలోచన తట్టి ఉండదు.

బావ గొణుక్కుంటూ మెయిన్ స్విచ్చు వైపు రెండడుగులు వేశాడు. అంతలో గోనె కింద నుంచి టపాకాయ పేలినట్టు చప్పుడు వచ్చింది. తర్వాత తడి గోనెలోంచి పొగ. పైపులో నీళ్ళు ఒకసారి దగ్గి ఆగిపోయాయి.

మెయిన్ ఆపి, గోనె విప్పి, తలుపు తీశాను. మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టరు నల్లగా మాడింది. గోడల నిండా నీటి బొట్లు. బావ వంగి చూశాడు. ఆయన ముఖంలో అల్లుడూ లేడు, మామా లేడు.

"మోటారు?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపే పురుగుల ఇంట్లోంచి అక్క కేక వినిపించింది. నీళ్ళు ఆగిపోయాయని ఆవిడకు తెలిసిపోయింది.

సున్నపు నీళ్ళలో కాళ్ళు ముంచి ఆ పంటలో మొదటిసారి లోపలికి పోయాను. మామూలుగా నాలుగో జ్వరం లేచిన పురుగులు మేస్తుంటే ఎండుటాకుల మీద చినుకులు పడ్డట్టు చప్పుడు వస్తుంది. ఆ రోజు చప్పుడు పలచబడింది. రేకుల కప్పు కింద, పై వరస తట్టల్లో చాలా పురుగులు మేత మాని తలలెత్తి ఊరికే ఉన్నాయి. అక్క ఒక చేత్తో చెంబు, ఒక చేత్తో వేపమండ పట్టుకుని కిటికీ గోనెల మీద నీళ్ళు చల్లుతోంది. తొట్టిలో నీళ్ళు అడుగంటుతున్నాయి. ఆవిడ తొట్టి వంక చూడడం లేదు, నా వంక చూస్తోంది.

"మోటారు ఉండాదా, పోయిందా?"

నా నోట్లో మాట సిద్ధంగా ఉంది. అరగంట, అక్కా, కాయిలు మార్చితే చాలు, ఇంతకంటే మాడినవి హోసూరులో మూడు చిటికెల్లో లేపినాను. దాన్ని అబద్ధమని కాదు, ధైర్యం చెప్పడమని అనుకోవడం నా అలవాటు. ఇన్నేళ్ళూ రైతుల ముఖాలు వాడిపోకుండా నేను చల్లుతూ వచ్చిన నీళ్ళు అవే. కాని పురుగులు తలలెత్తి ఉన్నాయి. నాకు ఆ కట్టుబాటు మీద నమ్మకముందో లేదో ఇప్పటికీ చెప్పలేను. ఆ రోజు అంత అలసటలో అబద్ధం మోయడానికి కూడా ఓపిక లేకపోయింది.

"స్టార్టరు పోయింది అక్కా. మోటారు ఉండాదో లేదో తెలీదు. పెట్టె ఆరి, తీగలు విడదీసి చూడాల. ఈ మధ్యాహ్నం మాత్రం నీళ్ళు రావు."

"తెలీదా?"

"తెలీదు."

అక్క చేతిలో వేపమండ ఆగింది. "నువ్వు తెలీదు అనేది నేను పుట్టినాక ఇదే వినేది," అంది. ఆ వెంటనే చెంబు పక్కన పెట్టి, చీర కుచ్చిళ్ళు దోపుకుంది. "అట్లయితే ఈ నీళ్ళు సాయంత్రానికని దాచి లాభం లేదు. పై తట్టలన్నీ దించాల. ఆయన్ని పిలువు. పక్క తోట వాళ్ళ తొట్టినుంచి బిందెలతో తెమ్మను. సిగ్గు పడకుండా అడగమను."

తర్వాతి సమయం నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. బిందె అంచు భుజంలో దిగడం. బావ ముందు, నేను వెనక. గట్టు మీద ఆయన చెప్పు తెగితే విసిరేసి నడవడం. ఒకసారి వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"సాక్కు కప్పకపోయింటే?"

"పుల్ల ఉండేది బావా."

"పుల్లకే మోటారు పోయుండునా?"

"ఈ పొద్దు కాకపోతే రేపు."

"నన్ను సమాధానపరచడానికి అంటాండావు."

"పురుగుల ఇంట్లోకి రా, ఆడ చెప్తా. అప్పుడు నమ్ము."

ఆయన నవ్వినట్టు భుజాలు కదిలాయి. బిందెలోంచి నీళ్ళు తొణికి నా కాళ్ళ మీద పడ్డాయి. చల్లగా ఉన్నాయి. అంత చల్లని నీళ్ళు వేస్టయ్యాయే అనిపించింది.

అక్క పై వరస పురుగుల్ని కొమ్మలతో సహా ఎత్తి నేల మీద పలచగా పరిచింది. గోనెలన్నీ ఒక్కసారిగా తడిపింది. పడమటి గోడ బయట మల్బరీ కట్టెలు దడిగా ఆనించింది. ఎండ వాలేదాకా ఆవిడ నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. నీళ్ళు వస్తాయని నేను అని ఉంటే ఆవిడ తొట్టి అడుగు నీళ్ళను పొదుపుగా చల్లుకుంటూ, పైపు వంక చూస్తూ కూర్చునేది. పై తట్టలు పైనే ఉండేవి. ఇది ఎవరూ నాకు చెప్పలేదు. బిందె దించి ఊపిరి పీల్చుకునేటప్పుడు నాకే తెలిసింది. తెలిశాక బిందె ఇంకొంచెం బరువెక్కింది.

సాయంత్రం తీగలు విడదీసి మోటారును పరీక్షించాను. లోపలి తీగ చుట్టలు బాగానే ఉన్నాయి. బావకు చెప్పాను. ఆయన పొలంలోనే చతికిలబడి, చాలాసేపు మట్టిబెడ్డలు చిదుముతూ కూర్చున్నాడు.

మర్నాడు పెట్టెను రాతి స్తంభం నుంచి తీసి, మాడిన కాంటాక్టరు మార్చి, పురుగుల ఇంటి ఉత్తరపు గోడకు, చూరు కింద బిగించాను. గోడకూ పెట్టెకూ మధ్య గాలి ఆడేలా చెక్క దిమ్మలు పెట్టాను. పైన రేకు, ఆ రేకుకూ పెట్టెకూ మధ్య జానెడు ఖాళీ. ఎండ రేకును కాలుస్తుంది, ఖాళీలో గాలి ఆ వేడిని తీసుకుపోతుంది. కేబులు కింద నుంచి వచ్చేలా వంచాను, వానైనా చెమటైనా కిందికే జారాలని. నల్ల రంగు మీద తెల్ల సున్నం కొట్టాను.

అక్క వచ్చి చుట్టూ తిరిగి చూసింది.

"గాలి పోయేదానికి కింద ఈ తూట్లు ఎందుకు పెట్టినావు? బల్లి దూరదా?"

"దూరనీ. బటన్ నొక్కుతాది."

"పురుగుల గోడకు ఆనుకుని ఉండాది, జాగ్రత్తగా మాట్లాడు," అంటూ లోపలికి పోయి, పురుగుల మీద గుడ్లు పెట్టే ఈగ రాకుండా కిటికీలకు కట్టే సన్నవల ముక్క తెచ్చింది. తూట్లకు అది కట్టించింది. చీమల కోసం ఇంకో ఉపాయం. పురుగుల తట్టల స్టాండు కాళ్ళు నీళ్ళ గిన్నెల్లో పెడతారు, చీమ ఎక్కకుండా. అక్క పెట్టెకు కూడా గిన్నె పెట్టమంది. నీళ్ళ సంగతి మనకు ఇకమీదట వద్దే వద్దని బతిమాలి, కేబులు గొట్టం చుట్టూ గ్రీజు పట్టీ వేశాను. చివరికి పురుగుకు ఏమేం చేస్తారో అన్నీ ఆ పెట్టెకూ జరిగాయి, గోనె తప్ప. గోనె కూడా జరిగేదే. బావ పట్టుపట్టాడు. పడమట రెండు గజాల దూరంలో రెండు కర్రలు పాతి, పొడి గోనె తెరలా కట్టనిచ్చాను. అంత దూరంలో అది కాపాడుతుందే గాని చంపదు.

పంట పూర్తిగా దక్కలేదు. ఎండదెబ్బ తిన్న పై వరస పురుగుల్లో చాలా భాగం పోయాయి. మిగిలినవి మాగి, బంగారు రంగు తేలి, చంద్రికలనే వెదురు తడికల మీదికెక్కి గూళ్ళు కట్టాయి. ఆ రోజుల్లో మోటారు ఒక్కసారి ఆగింది. కరెంటు పోయి.

గూళ్ళు విప్పి మార్కెట్టుకు వేశాక ఒక మధ్యాహ్నం ఆ వైపు పని ఉండి వెళ్ళాను. పురుగుల ఇల్లు ఖాళీగా ఉంది. తట్టలు కడిగి ఎండకు పెట్టారు. లోపల సున్నం వాసన, చల్లటి నేల. గోడ అవతల స్టార్టరు సన్నగా గుయ్యిమంటోంది. కిటికీలోంచి చూస్తే బావ కనబడ్డాడు, తోటలో వంగి మల్బరీ కత్తిరిస్తున్నాడు. వేళ్ళతో సహా పీకడం కాదు. మళ్ళీ చిగురు రావడానికి మోడు మీదికి కత్తిరించడం. ఒక వరస పూర్తిచేసి రెండో వరస పట్టాడు. నోట్లో వేపపుల్ల ఉంది.

అక్క మజ్జిగ తెచ్చి ఇచ్చి, ఎదురుగా నేల మీదే కూర్చుంది. ఆవిడ కళ్ళ కింద ఇంకా ఆ రోజుల నలుపు పోలేదు.

"పురుగులు లేవు గదరా ఇప్పుడు," అంది. "చెప్పు ఏదైనా. నువ్వు ఊరక కూర్చుంటే నాకు భయమైతాంది."

మంచి అవకాశమే. బల్లి ఉంది, హొగేనకల్ గొట్టం ఉంది. గోనె కప్పుకుని గూడు కట్టిన మోటారు ఒకటి కొత్తగా తయారవుతూ కూడా ఉంది. నోరు తెరిచాను. ఖాళీ స్టాండుకు వీపు ఆనించగానే నడుములో బోల్టు కలుక్కుమంది.

"ఎండ తగ్గనీ అక్కా," అన్నాను.

ఆవిడ గ్లాసు అందుకుని, నా తల వెనక ఒక పొడి గోనె మడిచి పెట్టింది.